తొమ్మిదో ఇంటి రీడింగు

మార్చి 4

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని ఊరి ఆఫీసు రూలు. పదకొండేళ్ళుగా అంకెలే రాస్తున్నాను. ఇవాళ్టి నుంచి మాటలు కూడా రాస్తాను. అంకెలు చూస్తుంటే ఏమీ తెలియడం లేదు. మాటల్లో పెడితే ఏమన్నా తెలుస్తుందేమో.

నేను కోటిరత్నాన్ని, మూడో వీధి లైను మనిషిని. అసలు పని మోటార్లకి వైండింగ్ చుట్టడం. మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక వీధి లైను కూడా నాకే అప్పగించారు. తొమ్మిది ఇళ్ళు, మాది మూడోది. సాయంత్రం ఐదున్నరకి, ఇక బయటికి రావచ్చని బయటి సైరన్ మోగాక ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి రాసుకుంటాను.

ఇవాళ మధ్యాహ్నం బయట నలభై ఆరు డిగ్రీలు. ఇంకా మార్చే. పదిన్నరకి లోపలి సైరన్ మోగగానే అందరం చల్లగదుల్లోకి వెళ్ళిపోయాం. ఒంటిగంటకి తొమ్మిదో ఇంట్లో వోల్టేజి 259. ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోయింది, దాంతోపాటు చల్లగది మెషినూ ఆగింది. ఐదు నిమిషాలకి లేచింది, మళ్ళీ పడింది. అలా నాలుగు సార్లు. కప్పు మీద ప్యానెల్స్ మండిపోతున్నాయి, కింద మనిషికి చల్లగాలి లేదు.

కారణం నాకు తెలుసు. మా వీధి కేబులు సన్నం. ఇళ్ళలో వాడుకోగా మిగిలిన కరెంటంతా మధ్యాహ్నం ఒకేసారి అందులో దూరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వీధి మొదట్లో ఉంది కాబట్టి చివరి ఇళ్ళలో వోల్టేజి పొంగిపోతుంది. ఎండ ఎక్కువైన కొద్దీ కరెంటు పోవడం ఏమిటని తొమ్మిదో ఇంటి అంకారావు బాబాయి గారు అడిగితే ఇదే చెప్పాను. ఆయన తలూపారు గానీ, నమ్మినట్టు లేరు.

ఈ ఏడు మా వీధి కోటా కింద రెంటిలో ఒకటి ఇస్తారట. ఇంటికొకటి చొప్పున, వోల్టేజిని ఒకచోట నిలిపే తొమ్మిది నిలకడ డబ్బాలు, లేదా లావు కేబులు. ఒక నెల రెండు డబ్బాలు పెట్టి చూసి ఏప్రిల్ 5న వీధి మీటింగులో తేల్చుకోమన్నారు. ఏడో తారీఖున సామాన్ల లారీ బయలుదేరుతుంది. అది పోతే మళ్ళీ వచ్చే ఏడే.

మార్చి 6

సామగ్రి ఆఫీసు నుంచి ధనుంజయ వచ్చి మా ఇంట్లో ఒకటి, తొమ్మిదో ఇంట్లో ఒకటి పెట్టి వెళ్ళాడు. చెప్పుల పెట్టె అంత ఉంది. లైను నుంచి ఎంత వోల్టేజి వచ్చినా ఇంట్లోకి 220 మాత్రమే వదులుతుందట.

"ఎక్కువ వోల్టేజి వస్తే సామాన్లు ఎక్కువ కరెంటు తింటాయమ్మా. ఇది పెడితే నూటికి పది, పదిహేను ఆదా," అన్నాడు.

"అన్ని సామాన్లూ అలా తినవు కదయ్యా. చల్లగది మెషిన్‌కి తక్కువ ఇస్తే గది చల్లబడేదాకా ఎక్కువసేపు తిరుగుతుంది. ఆదా ఎక్కడుంది?"

"ప్యానెల్స్ ఉన్న ఇంట్లో ఇంకా మంచిదమ్మా."

"ఎందుకని?"

అతను కాగితం తీసి చదివాడు, మళ్ళీ చదివాడు. "మంచిదనే రాశారు," అన్నాడు.

తొమ్మిదో ఇంట్లో బిగించేసరికి లోపలి సైరన్ మోగేసింది. వైరు సరిగా కూర్చోలేదని ఆ ఇంటికి సాయంత్రం దాకా కరెంటు లేకుండా పోయింది. బాబాయి గారు ఒక్కరే ఉంటారు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మా ఇంటికి రమ్మంటే, "ఇవాళొక్క పూటకి ఎక్కడో అక్కడ సర్దుకుంటాలేమ్మా" అన్నారు. సాయంత్రం చూస్తే బాగానే ఉన్నారు.

మా ఇంట్లో మాత్రం మా ఆడపడుచు శేషు ఒకటే గొడవ. "వదినా, ఫ్యానుకి నీరసం వచ్చింది." నిజమే, కొంచెం నెమ్మదిగా తిరుగుతోంది.

మార్చి 12

మా ఇల్లు: రోజుకి 10.2 యూనిట్లు ఉండేది 10.0 అయింది. అంటే నూటికి రెండు. ఫ్యాను మందగించినందుకు ఆ మాత్రం తగ్గాల్సిందే.

తొమ్మిదో ఇల్లు: 9.5 ఉండేది 6.0 అయింది.

మూడు సార్లు చూశాను. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. నూటికి ముప్ఫై ఏడు తగ్గింది. డబ్బా తయారుచేసిన వాళ్ళే పదిహేను అని చెప్పుకుంటున్నారు.

మొదటి ఇంటి కొండలరావు గారు మా వీధి పెద్ద. ఈ అంకె ఆయన చెవిన పడింది. నేను చెప్పలేదు, శేషు చెప్పింది.

"ఇంకేం రత్నమ్మా, తేలిపోయిందిగా! తొమ్మిది డబ్బాలు తెచ్చుకుందాం."

"మా ఇంట్లో రెండే తగ్గిందండీ."

"మీ ఇంట్లో ఏదో తేడా ఉండి ఉంటుంది."

ఉందేమో. నాకు తెలియడం లేదు.

మార్చి 13

తొమ్మిదో ఇంటి మీటరు మార్చాను. 6.1.

మార్చి 17

నాలుగు రోజుల క్రితం రెండు డబ్బాలూ అటుదిటు, ఇటుదటు మార్చాను. తొమ్మిదో ఇంటి డబ్బా ఏదన్నా గొప్పదై ఉంటే మా ఇంట్లో కూడా గొప్పతనం చూపించాలి కదా. మా ఇల్లు 10.0. తొమ్మిదో ఇల్లు 6.0.

డబ్బా ఏదైనా ఒకటే. ఇల్లే వేరు. ఒకే కాంట్రాక్టరు ఒకే కొలతలతో కట్టిన నాపరాయి ఇళ్ళు. గోడల్లో ఒకేలా ఊక బస్తాలు కూరారు. మెషిన్లూ ఒకే కంపెనీవి. రెండు మెషిన్ల మోటార్లకీ నేనే వైండింగ్ చుట్టాను.

ఏడో ఇంట్లో ఇంకో చిన్న తేడా కనపడింది. 8.8 ఉండేది 9.5 అయింది. అక్కడ డబ్బానే లేదు. ఆ ఇంట్లో సంపూర్ణ టీచర్ గారు ఒక్కరే ఉంటారు. ఆవిడకి ఎండ పడదు, కాస్త ఎక్కువ చల్లబెట్టుకుంటున్నారేమో అనుకుని వదిలేశాను.

మార్చి 19

ఎనిమిదో ఇంటి లూర్దు మీటరు దగ్గరే నిలబడి ఉంది. ఎనిమిదో నెల. వాళ్ళాయన బాలస్వామి కాలవ మీద కప్పులు వేసే పనికి వెళ్ళాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు.

"అక్కా, మధ్యాహ్నం మా గది ఊరికే ఆగిపోతోంది. ఇవాళ వాంతులయ్యాయి."

ఇన్వర్టర్ చూశాను. నెల మొదట్లో రోజుకి రెండు సార్లు ఆగేది. ఇవాళ ఏడు సార్లు ఆగింది. తొమ్మిదో ఇంటి ఇన్వర్టర్ నెల మొదట్లో నాలుగు సార్లు ఆగేది. ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు. జబ్బు పక్కింటికి జరిగినట్టుంది.

మార్చి 20

ఇవాళ ఒక్క రోజు తొమ్మిదో ఇంటి డబ్బాని పక్కన పెట్టి, లైను నేరుగా ఇచ్చాను. లూర్దు ఇల్లు రెండు సార్లే ఆగింది. తొమ్మిదో ఇల్లు మళ్ళీ నాలుగు సార్లు ఆగింది.

అది కొంచెం అర్థమైంది. డబ్బా ఉంటే ఆ ఇంటి ఇన్వర్టర్‌కి లోపల తక్కువ వోల్టేజే కనపడుతుంది. అంతా బాగానే ఉందనుకుని ఆగకుండా కరెంటుని లైన్లోకి తోస్తూనే ఉంటుంది. అది భరించలేక పక్కిల్లు పడిపోతోంది. తొమ్మిది ఇళ్ళకీ డబ్బాలు పెడితే? అందరూ తోస్తారు, సన్నటి కేబులు సన్నగానే ఉంటుంది. అప్పుడేం జరుగుతుందో ఊహించడానికి నా బుర్ర చాలడం లేదు.

అర్థం కానిది ఇంకొకటి. డబ్బా తీసేసిన ఇవాళ కూడా తొమ్మిదో ఇల్లు వాడింది ఆరు యూనిట్లే.

అంటే తగ్గించింది డబ్బా కాదు.

డబ్బా మొత్తానికే తీసేస్తానని ధనుంజయకి ఫోన్ చేశాను. నెల నిండకుండా తీస్తే పరీక్ష చెల్లదట, కోటా కూడా పోతుందట. మళ్ళీ పెట్టాను. లూర్దుకి తడిగుడ్డలు, రెండు కుండల నీళ్ళు ఇచ్చి, "ఇంకో పదిహేను రోజులు ఓర్చుకో" అన్నాను. ఆ మాట అనడం నాకే బాగోలేదు.

మార్చి 22

"బాబాయి గారూ, ఏమన్నా వాడడం మానేశారా?"

"ఏం మానలేదమ్మా. అంతా మామూలే."

అంకారావు గారు క్వారీలో కాటా గుమాస్తాగా చేశారు. ముప్ఫై ఏళ్ళు తూకాలు రాసిన మనిషి. నా మొహం చూడకుండా గ్లాసులో టీ తిప్పుతున్నారు.

"చల్లగది వేసుకుంటున్నారా?"

"వేసుకోకుండా ఎలా ఉంటానమ్మా?"

గది చూస్తానంటే, సర్దలేదని అడ్డం నిలబడ్డారు. తలుపు సందులోంచి చూశాను. పరుపు చుట్టి పెట్టి ఉంది. నీళ్ళ కుండ బోర్లించి ఉంది.

శేషుతో చెప్తే, "ముసలాయన డబ్బా గెలవాలని చెమటలు కక్కుకుంటూ కూర్చుంటున్నాడేమో వదినా! అందరూ ఆయన ఇంటి అంకె చూసి చప్పట్లు కొడుతున్నారుగా" అంది.

యాభై డిగ్రీల్లో మెషిన్ లేకుండా ఒక మనిషి ఎన్నాళ్ళు కూర్చోగలడు? కిందటేడు రెండో వీధిలో అలాగే ఒకావిడ పోయింది.

మార్చి 24

ఇవాళ చేసిన పని రూలుకి విరుద్ధం. అయినా రాస్తాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి బయటికి వెళ్ళాను. సైరన్ల మధ్య వెళ్ళాలంటే ఇద్దరుండాలి. శేషు వస్తానంది, వద్దన్నాను. ఇద్దరం పడిపోతే లేపేవాళ్ళుండరు. తలకి తడిదుప్పటి చుట్టుకుని, మా ఆయన బూట్లు వేసుకున్నాను. ఆరిళ్ళ దూరం. నాలుగిళ్ళు దాటేసరికి దుప్పటి ఆరిపోయింది. వీధిలో ఒక్క కాకి లేదు. గాలి మొహానికి తగులుతుంటే పొయ్యి మూత తీసినట్టుంది.

తొమ్మిదో ఇంటి తలుపు నెట్టితే తెరుచుకుంది. చల్లగది ఖాళీ. మెషిన్ ఆపేసి ఉంది. లోపల నలభై ఒకటి. "బాబాయి గారూ!" అని అరిచాను. వంటింట్లో లేరు, స్నానాలగదిలో లేరు. పెరటి తలుపు దగ్గరికి వేసి ఉంది.

ఈ ఎండలో ఎక్కడికి పోయాడు మనిషి? కళ్ళముందు తెల్లగా మెరుపులు వస్తున్నాయి. ఎలా వెళ్ళానో తెలియదు, ఎనిమిదో ఇంటి తలుపు మీద పడ్డాను. లూర్దు రెక్క పట్టుకుని తన చల్లగదిలోకి లాగింది, తల మీద నీళ్ళు పోసింది.

"బాబాయి గారు లేరే! ఇల్లు ఖాళీగా ఉందే!"

లూర్దు నోటి మీద వేలు పెట్టుకుని అవతలి గోడ వైపు చూపించింది. ఏడో ఇంటి గోడ.

గోడ అవతల గవ్వలు గలగలమన్నాయి. "అష్టా!" అని ఆడగొంతు. "మీ కాయ పోయింది, లెక్క చూసుకోండి!" వెనకే ఒక మగగొంతు పగలబడి నవ్వింది.

ఆ గొంతు అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

"డబ్బా పెట్టిన రోజు నుంచే అక్కా," అంది లూర్దు మెల్లిగా. "ఆ రోజు ఆయనకి కరెంటు లేదుగా. టీచర్ గారు పెరటి తలుపు తీసి పిలిచారు. మర్నాడు కరెంటు ఉంది. అయినా వెళ్ళారు. రోజూ పదిన్నర లోపలే పెరట్లోంచి వెళ్ళి, సైరన్ మోగాక వెనక్కి వచ్చేస్తారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఇద్దరు ఒకే చల్లగదిలో ఉంటున్నారని తెలిస్తే ఇళ్ళ ఆఫీసు వాళ్ళు ఒక ఇల్లు వెనక్కి తీసేసుకుంటారు కదక్కా. పైగా..." ఆగింది. "వాళ్ళు ఆడుకుంటుంటే నాకు బాగుంటుంది. పొద్దు గడుస్తుంది."

అప్పుడే లూర్దు మెషిన్ టక్కున ఆగిపోయింది. చీకట్లో ఇద్దరం కూర్చున్నాం. గోడ అవతల మళ్ళీ గవ్వలు పడ్డాయి.

మార్చి 25

కుదురుగా ఆలోచించడానికి రాస్తున్నాను.

తొమ్మిదో ఇంట్లో మధ్యాహ్నం మనిషి లేడు కాబట్టి మెషిన్ తిరగదు. అందుకే ఆరు యూనిట్లు. ఏడో ఇంట్లో ఒక మనిషి ఎక్కువ. ఒంటి వేడి కూడా గది మెషిన్‌కి బరువే. అందుకే 9.5. ఇంతవరకు బాగానే ఉంది.

ఇంకొకటి ఉంది, అది బాగాలేదు. ఇంట్లో వాడేవాళ్ళు లేకపోయేసరికి ఆ కప్పు మీద పుట్టిన కరెంటంతా లైన్లోకే పోతోంది. దానికి తోడు డబ్బా ఇన్వర్టర్‌ని ఆగనివ్వడం లేదు. అందుకే లూర్దు గది ఏడు సార్లు ఆగుతోంది. ఆ ఇద్దరూ నవ్వుకుంటుంటే మధ్య ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉడికిపోతోంది. ఈ సంగతి వాళ్ళకి తెలియదు. ఆ పిల్లకీ తెలియదు.

నిజం చెప్తే బాబాయి గారి ఇల్లు పోతుంది. చెప్పకపోతే ముప్ఫై ఏడు అనే అంకె చూసి వీధి మొత్తం డబ్బాలు తెచ్చుకుంటుంది. మే నెలలో ఎన్ని గదులు ఆగుతాయో, ఎవరు మిగులుతారో.

మూడు సార్లు టీ పెట్టుకున్నాను. మూడు సార్లూ తాగడం మర్చిపోయాను.

మార్చి 28

తెల్లవారి ఆరింటికి సంపూర్ణ టీచర్ గారి దగ్గరికి వెళ్ళాను. బడి పిల్లలకి ఐదింటి నుంచే లెక్కలు చెప్తారు. అందరూ వెళ్ళేదాకా అరుగు మీద కూర్చున్నాను.

"తొమ్మిదో ఇంటి రీడింగు గురించి వచ్చాను టీచర్ గారూ."

ఆవిడ పలక తుడుస్తూ ఆగారు. అరవై నాలుగేళ్ళు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి దెబ్బలు తిన్నవాళ్ళే.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు, లూర్దుకి."

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"మీటరు చెడిపోయిందని రాసేస్తాను. ఆ ఇంటి అంకె లెక్కలోకి రాదు."

"కొండలరావు ఒప్పుకుంటాడా? నువ్వు ఇప్పటికే ఒక మీటరు మార్చావని వీధంతటికీ తెలుసు."

లూర్దు గది సంగతి కూడా చెప్పాలని వెళ్ళాను, నోరు రాలేదు. ఆవిడ మొహంలో అంత భయం చూశాక ఆ బరువు కూడా ఎలా పెట్టను? లేచి వచ్చేస్తుంటే, "కోటిరత్నం, మేము తప్పేమీ చేయడం లేదు" అన్నారు. నేను అనలేదే అన్నాను. "నాకు నేనే చెప్పుకుంటున్నాలే" అన్నారు.

చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 3

యాభై ఒకటి. మధ్యాహ్నం పన్నెండు నలభైకి మా ఇంట్లో గంట మోగింది. ఎవరి చల్లగదిలోనన్నా ఆపద వస్తే నొక్కే బటన్ గంట అది. ఎనిమిది నంబరు దగ్గర ఎర్ర లైటు.

ఈసారి శేషు నన్ను ఒంటరిగా వదల్లేదు. ఇద్దరం పరుగెత్తాం. ఎనిమిదో ఇల్లు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. నేల మీద చెంబు దొర్లి ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అడుగుల తడి రాతి మీద ఆరిపోతూ ఏడో ఇంటి వైపు వెళ్ళింది.

టీచర్ గారి గదిలో పరుపు మీద లూర్దు. కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు తెల్లగా పాలిపోయాయి. టీచర్ గారు పాదాలకి తడిగుడ్డ చుడుతున్నారు. అంకారావు గారు గోడకి ఆనుకుని ఎగశ్వాస తీస్తున్నారు. చొక్కా అంతా తడిసిపోయింది. గోడ అవతల చెంబు పడ్డ చప్పుడు విని, తలకి గుడ్డ కూడా చుట్టుకోకుండా వెళ్ళి, ఆ పిల్లని రెండు చేతుల మీద మోసుకొచ్చారట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

లూర్దు గది పొద్దుటి నుంచి పదకొండు సార్లు ఆగింది.

ఐదుగురం ఆ చిన్న గదిలో కూర్చున్నాం. అరగంటకి లూర్దు కళ్ళు తెరిచింది. టీచర్ గారు ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. "కదిలింది," అన్నారు. శేషు ఏడ్చేసింది.

అప్పుడు చెప్పాను. డబ్బా సంగతి, ఖాళీ ఇంటి కరెంటు సంగతి, అన్నీ.

అంకారావు గారు లూర్దు వైపు తిరిగారు. "నేను నా మెషిన్ వేసి వచ్చి ఉంటే ఈ పిల్లకి ఇలా అయ్యేది కాదా?" అన్నారు.

"కొంచెం తగ్గేది బాబాయి గారూ."

"ఖాళీ గదికి కరెంటు దండగ అని ఆపేసి వచ్చేవాణ్ణమ్మా."

"తెలిసింది నాకు. ముందే చెప్పనిది నేను. డబ్బా తియ్యనిదీ నేనే."

బయటి సైరన్ మోగగానే వెళ్ళి తొమ్మిదో ఇంటి డబ్బా పీకేశాను. మా ఇంటిది కూడా పీకేశాను. పరీక్ష చెల్లకపోతే పోనీ.

ఏప్రిల్ 5

ఆరింటికి మీటింగు. వీధి మధ్యలో చాపలు పరిచాం. రాయి ఇంకా కాలుతోంది, అందరూ చాపల మీద కూడా అటూ ఇటూ జరుగుతూనే ఉన్నారు. ధనుంజయ కూడా వచ్చాడు. డబ్బాలు పీకేసిన సంగతి చెప్తే, రెండు రోజుల తేడాకి కోటా పోదులెండమ్మా అన్నాడు.

నేను లూర్దు ఇంటి అంకెలు చదివాను. డబ్బా ఉంటే ఏడు, లేకపోతే రెండు. తొమ్మిది డబ్బాలు పెడితే ఎవరి గది ఎప్పుడు ఆగుతుందో నేను చెప్పలేనన్నాను. లావు కేబులైతే అందరికీ వోల్టేజి దిగుతుందన్నాను. మా ఇంట్లో ఆదా నూటికి రెండే అన్నాను.

"మరి తొమ్మిదో ఇంటి మాటేమిటి? ముప్ఫై ఏడు!" అన్నారు కొండలరావు గారు. "అక్కడ పనిచేసింది మిగతా ఇళ్ళలో ఎందుకు చెయ్యదు? సమాధానం చెప్పు రత్నమ్మా."

లేచి నిలబడ్డాను. అందరూ నా వైపే చూస్తున్నారు. "ఆ మీటరు..." అన్నాను. మీటరు చెడిపోయింది అనే మాట నోటి చివర ఉంది. కొత్త మీటరు ఎప్పుడు పెట్టానో అందరికీ తెలుసు.

"మీటరు బాగానే ఉంది," అన్నారు సంపూర్ణ టీచర్ గారు, కూర్చున్న చోటి నుంచే. "ఇంట్లో మనిషే లేడు. నెల రోజులుగా మధ్యాహ్నం పూట అంకారావు గారు నా గదిలో ఉంటున్నారు."

చాపలు కదలడం ఆగిపోయింది.

ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ గారు అటు చూశారు. నవ్వు ఆగిపోయింది.

"నేనే పిలిచాను," అన్నారావిడ. "మనిషి లేని ఇంటి అంకె చూసి ఎనిమిది ఇళ్ళ వాళ్ళు ఎండాకాలం గడపాలనుకుంటే మీ ఇష్టం. లెక్క తప్పని మాత్రం నేను చెప్తున్నాను."

అంకారావు గారు తల వంచుకుని ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. కొండలరావు గారూ ఆవిడ దగ్గర చదువుకున్నవారే. "అలాగైతే... కేబులు," అన్నారు చివరికి. చేతులెత్తమంటే ఎనిమిది ఇళ్ళ వాళ్ళు కేబులుకే ఎత్తారు. ధనుంజయ ఎవరి మొహమూ చూడకుండా రాసుకున్నాడు.

ఏప్రిల్ 6

ధనుంజయ ఒక ఫారం ఇచ్చి వెళ్ళాడు. "ప్యానెల్స్ ఉన్న ఇంట్లో నిలకడ డబ్బా పెట్టుకోవచ్చా? అవును / కాదు." ఒకదానికి టిక్కు పెట్టాలి.

పాత ఫ్యాన్లు, పాత మోటార్లు ఎక్కువున్న ఇంట్లో కాస్త పనికొస్తుంది. చల్లగది మెషిన్‌కీ, కొత్త సామాన్లకీ దాదాపు ఏమీ ఉండదు. ఇన్వర్టర్ పడిపోకుండా ఆపుతుంది, అది నిజమే. కానీ అదే వీధిలో పక్కవాళ్ళని పడగొడుతుంది. విడిగా దూరంగా ఉన్న ఒంటరి ఇంటికి మంచిదేమో. అలాంటి ఇల్లు నేను చూడలేదు. ఇదంతా మార్జిన్లో రాశాను. చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాశాను. టిక్కు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

ఏప్రిల్ 19

కేబులు వచ్చింది. నాలుగు రోజులు పొద్దున్నే లేచి వీధంతా కలిసి తవ్వాం. ఇవాళ ఒంటిగంటకి బయట యాభై రెండు. తొమ్మిదో ఇంట్లో వోల్టేజి 241. ఏ గదీ ఆగలేదు. తొమ్మిది ఇళ్ళకీ సున్నా, సున్నా, సున్నా అని రాసుకుంటూ వెళ్ళాను. లూర్దు గుమ్మంలో కూర్చుని చింతకాయ తొక్కు నాకుతోంది.

ఏప్రిల్ 22

ఇళ్ళ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. తొమ్మిదో ఇల్లు వెనక్కి తీసుకుంటారు. టెంట్లలో ఉన్న ఒక కుటుంబానికి ఇస్తారట, ఐదుగురున్నారట. అంకారావు గారు అభ్యంతరం చెప్పలేదు. సాయంత్రం అందరం తలో చెయ్యి వేసి ఆయన సామాను ఏడో ఇంటి అరుగు మీదికి చేర్చాం. ఒక ట్రంకు పెట్టె, పరుపు, నాలుగు గిన్నెలు, ఒక పాత తూకం రాయి. అంత తక్కువ సామాను చూసి శేషు నా వైపు చూసింది.

ఆఫీసావిడ అరుగు మీద ఫారం పెట్టింది. పేర్లు, వయసులు రాసింది.

"ఇంటావిడకి ఈయన ఏమవుతారు?" అంది. "సంబంధం అని ఒక గడి ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పక్కింటివారు," అన్నారు అంకారావు గారు.

"ఒకే ఇంట్లో ఉంటే పక్కింటివారు ఎలా అవుతారండీ?"

"తెలిసినవారు."

"అది తీసుకోరు."

"ఖాళీగా వదిలెయ్యమ్మా," అన్నాను నేను.

"ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వచ్చేస్తుందండీ."

వీధి వీధంతా ఏదో పని ఉన్నట్టు అక్కడే తిరుగుతోంది. టీచర్ గారు కాసేపు ఆ గడి వైపే చూశారు. తరవాత ఆఫీసావిడ చేతిలోంచి పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో "భర్త" అని రాశారు.

అంకారావు గారు పక్కనుంచి వంగి చదివారు. కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. మళ్ళీ చదివారు.

"ముందు నన్నో మాట అడగాలి కదండీ," అన్నారు.

"ఇప్పుడు అడుగుతున్నాను," అన్నారు టీచర్ గారు. తల ఎత్తలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసావిడ వైపు తిరిగారు.

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నారు.